పదకొండడుగుల గదిలో ఉయ్యాల పడక: నడుము వంగకుండా పడుకోవడం ఎలా?

అచ్చుతప్పు:

హైదరాబాద్ నారాయణగూడలో ఒక మూడంతస్తుల ఇంటి మేడ మీద ఒంటిగదిలో అద్దెకుంటున్నాను. టేపు పెట్టి కొలిచాను: పొడవు 11 అడుగులు, వెడల్పు 9. నా వయసు 43. పని ప్రూఫులు దిద్దడం, అందుకే ఇక్కడ నా పేరు ‘అచ్చుతప్పు’. పగలంతా కుర్చీలో వంగి కూర్చుని ఇతరుల తప్పులు ఏరుతాను. రాత్రి నడుముకు విశ్రాంతి లేకపోతే మర్నాడు నా కంటికి ఒత్తులు ఆనవు.

రెండు నెలల క్రితం మా అమ్మ కంటి చికిత్స కోసం తెనాలి నుంచి వచ్చింది. ఆవిడకు 74 ఏళ్లు. కనీసం సంక్రాంతి దాకా ఇక్కడే ఉంటుంది. గదిలో ఉన్న ఒక్క మంచం ఆవిడకు ఇచ్చేశాను. నేల మీద చాప వేసుకుందామంటే నా మోకాళ్లు ఒప్పుకోవు. పడుకోవడం తేలికే. లేవడానికే మంచం కోడు, బీరువా పిడి, భగవంతుడు ముగ్గురూ కలిసి రావాలి. మడత మంచం కొనమని చాలామంది చెప్పారు. రాత్రికి సరిపోతుంది, నిజమే. పొద్దున మడిచిన తరవాత దాన్ని నిలబెట్టడానికి నాకు గోడ లేదు. ఒక గోడకు బీరువా, ఒక గోడకు పుస్తకాలు, మిగిలిన మూలలో గ్యాసు పొయ్యి.

అందుకని ఉయ్యాల పడక కొన్నాను. హేమాక్ అంటారే, అది. తెలుగులో దీనికి స్థిరపడిన మాట లేదు. ‘తూగుటుయ్యాల’ అందామంటే పసిపిల్లలే గుర్తొస్తారు. ప్రస్తుతానికి ఉయ్యాల పడక అనుకుందాం. పొద్దున్నే ఒక కొస విప్పి రెండో కొస పక్కనే తగిలిస్తే గది మళ్లీ గదిలా ఉంటుందని నా ఆశ.

నేను కొన్నది పారాచూట్ గుడ్డతో చేసినది, పొడవు 9 అడుగులు. ఒక కొస కిటికీ ఊచలకు, రెండో కొస ఎదుటి గోడలో ఉన్న స్నానాలగది వెంటిలేటరు కమ్మీకి కట్టాను. ఎంత బిగిస్తే అంత చదునుగా ఉంటుందని శక్తికొద్దీ బిగించాను. నవారు మంచం బిగించడం నేను చిన్నప్పుడు నాన్నగారి దగ్గర నేర్చుకున్న విద్య.

మొదటి రాత్రి గుడ్డ రెండు అంచులూ పైకి లేచి ముఖానికి అటూ ఇటూ గోడల్లా నిలబడ్డాయి. భుజాలు దగ్గరికి నొక్కుకుపోయాయి. కాగితం పొట్లంలో పకోడీలా తెల్లవార్లూ ఉన్నాను. రెండో రాత్రి నాలుగు గంటలకు వీపు చల్లబడిపోయి మెలకువ వచ్చింది. పైన రెండు దుప్పట్లు ఉన్నాయి, కింద మాత్రం మంచు మీద పడుకున్నట్టు ఉంది. మూడో రాత్రి కిటికీ చట్రం పక్కన సిమెంటు పెళ్ల ఊడి అమ్మ కాళ్ల మీద పడింది. ఆవిడ భూకంపం అనుకుని లేచి నన్ను బయటికి పరుగెత్తమంది. నేను పొట్లంలోంచి బయటికి రావడానికే ఐదు నిమిషాలు పట్టింది.

దీనిలో నెలల తరబడి ఇంట్లోనే పడుకుంటున్న వాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. అసలిందులో వెన్ను చదునుగా ఉంచి పడుకోవడం సాధ్యమేనా? సాధ్యమైతే దేనికి తగిలించాలి?

మడత కుర్చీ:

అచ్చుతప్పు గారూ, మీ తప్పంతా నవారులోనే ఉంది. నవారు మంచానికి బిగువు ప్రాణం. ఉయ్యాల పడకకు వదులు ప్రాణం. మీరు నాన్నగారి దగ్గర నేర్చుకున్న విద్యను దీని దగ్గర తలకిందులు చేయాలి.

నేను పుణెలో 10 అడుగుల గదిలో నాలుగేళ్లుగా ఇందులోనే పడుకుంటున్నాను. మొదటి నెల మీరు పడ్డ పాట్లే పడ్డాను, కిటికీ ఊడటం ఒక్కటి తప్ప.

బిగించి కడితే గుడ్డ మధ్యలో సన్నటి పడవలా అవుతుంది. మీరు అందులో నిలువునా, కొస నుంచి కొసకు పడుకుంటారు. అప్పుడు నడుము కిందికి, కాళ్లూ తలా పైకి. అరటిపండు ఆకారం. వదులుగా కడితే గుడ్డ బాగా కిందికి దిగుతుంది, ఆ దిగిన చోట వెడల్పు పనికొస్తుంది. ఇక మీరు నిలువునా కాకుండా ఐమూలగా పడుకోవాలి. తల మధ్యగీతకు ఒక పక్కన, పాదాలు రెండో పక్కన. మొదట మధ్యలో కూర్చుని, వెనక్కి వాలి, కాళ్లు లోపలికి తీసుకున్న తరవాత పాదాలను ఒక జానెడున్నర ఎడమకు, తలను అంతే కుడికి జరిపి చూడండి. గుడ్డ మీ వీపు కింద పరుచుకోవడం మీకే తెలుస్తుంది. పూర్తిగా బల్లలా ఉంటుందని చెప్పను. వాలు కుర్చీకీ మంచానికీ మధ్యలో ఉంటుంది, మంచానికే దగ్గర.

ఎంత వదులు అంటే, తాడు నేలకు సమాంతరంగా ఉండే గీత నుంచి 30 డిగ్రీలు వాలి ఉండాలి. పిల్లల జామెట్రీ బాక్సులో రెండు మూలమట్టాలు ఉంటాయి కదా, అందులో పొడుగ్గా ఉన్నదాని సన్నటి కొన సరిగ్గా 30 డిగ్రీలు. గోడ దగ్గర పట్టుకుని చూడండి. నేను మొదటి వారం ఆ ప్లాస్టిక్ ముక్కను తలగడ కింద పెట్టుకునే పడుకున్నాను.

రోజూ కొలవడం విసుగు కాబట్టి ఇంకో ఉపాయం. పడక రెండు కొసలను కలుపుతూ పైనుంచి ఒక గట్టి సన్నతాడు కట్టేయండి. దాని పొడవు పడక పొడవులో 83 శాతం ఉండాలి. 11 అడుగుల పడకకు దాదాపు 9 అడుగుల ఒకటిన్నర అంగుళం. ఇక మీరు ఎంత బిగించినా గుడ్డ దిగుడు మారదు. కళ్లద్దాలు, ఫోను తగిలించుకోవడానికీ ఆ తాడే పనికొస్తుంది.

మీరు కొన్న 9 అడుగులది పార్కులో మధ్యాహ్నం కునుకు తీయడానికి. రాత్రి నిద్రకు చాలదు, ఐమూలగా పడుకోవడానికి పొడవు ఉండాలి. 11 అడుగులది కొనండి, లేదా కుట్టించుకోండి. నాది నేనే కుట్టించాను: మందపాటి నూలు గుడ్డ 3.6 మీటర్లు, పన్నా 60 అంగుళాలు. రెండు కొసల్లో నేఫా కుట్టించి, లోపలి నుంచి తాడు దూర్చి కుచ్చుగా లాగి ముడి వేశాను. అంతే. నైలాన్ వల పడకలు కొనకండి, వీపు మీద జల్లెడ అచ్చు పడుతుంది. కొసల్లో కర్రలు పెట్టి వెడల్పుగా చాపిన రకం చూడటానికి అందంగా ఉంటుంది, కాని పక్కకు తిరిగితే తిరగబడుతుంది. చీరతో కడదామని కూడా ఆలోచించకండి. చీర పన్నా 45 అంగుళాలకు అటూ ఇటూ ఉంటుంది, పిల్లలకు చాలుతుంది గాని మనకు భుజాల దగ్గరే అయిపోతుంది.

పాదాల వైపు కొక్కెం తలవైపు కంటే ఆరేడు అంగుళాలు ఎత్తులో ఉండాలి. లేకపోతే బరువైన నడుము భాగం రాత్రంతా పాదాల వైపు జారుతూ ఉంటుంది. మోకాళ్ల కింద చిన్న దిండు పెట్టుకోండి, లేకపోతే కాళ్లు నిటారుగా సాగి మోకాలి వెనక లాగుతుంది. మీ మోకాళ్ల సంగతి చెప్పారు కనుక మీకిది తప్పనిసరి. తలకు పలుచటి దిండు చాలు, గుడ్డే తలను కొంత లేపుతుంది.

చలి విషయం. వీపు కింద దుప్పటి వేసినా ఒంటి బరువుకు అది నలిగిపోతుంది, కింద నుంచి గాలి ఆడుతూనే ఉంటుంది. యోగా చాప ఒకటి లోపల పరిచి, దాని మీద బొంత వేయండి. వేసవిలో రెండూ తీసేస్తే ఆ గాలే వరం. దోమల సంగతి మీరు రాయలేదు గాని చెబుతున్నాను: పలుచటి గుడ్డ అయితే దోమ కింద నుంచి గుడ్డలోంచే కుడుతుంది. దోమతెర పైన కట్టుకుని ధీమాగా పడుకుని వీపంతా దద్దుర్లతో లేచినవాణ్ణి నేను.

ఊగడం గురించి కూడా ఒక మాట. 2011లో జెనీవా విశ్వవిద్యాలయం వాళ్లు 12 మందిని ఊగే మంచం మీద 45 నిమిషాలు పగటినిద్ర పుచ్చి చూశారు. నాలుగు సెకన్లకు ఒక ఊపు. కదలని మంచం మీద కంటే త్వరగా నిద్రపోయారు. నా అనుభవమూ అదే. గోడకు ఒక తాడు కట్టి చేతికి అందేలా పెట్టుకున్నాను, నాలుగు సార్లు లాగుతాను, ఐదోసారి ఎప్పుడు లాగానో గుర్తుండదు.

కొక్కేల గురించి నేను చెప్పను. నాది పాత రాతిగోడల ఇల్లు, మీకు వర్తించదు.

తూకం గుండు:

నేను సివిల్ ఇంజనీరును, గుంటూరులో. కిటికీ ఊచలకు కట్టారని చదవగానే భోజనం ఆపి రాస్తున్నాను. దయచేసి ఈ రాత్రి అందులో పడుకోకండి. కిటికీ చట్రం గోడలో నాలుగైదు చిన్న ఇనుప పట్టీల మీద నిలబడి ఉంటుంది. గాలికీ దొంగకీ తట్టుకోవాలి గాని మనిషిని మోయడం దాని పని కాదు.

పైన మిత్రుడు వదులు అన్నారు. నడుముకే కాదు, గోడకూ అదే మంచిది. 60 కిలోల మనిషి 30 డిగ్రీల వాలులో పడుకుంటే ఒక్కో తాడు మీద 60 కిలోల లాగుడు ఉంటుంది. వాలు 15 డిగ్రీలైతే 116 కిలోలు. 10 అయితే 173. నవారులా బిగించి 5 డిగ్రీలకు తెస్తే 344 కిలోలు! మీ కిటికీ మూడు రాత్రులు ఆగడమే గొప్ప. ఇవి కదలకుండా పడుకుంటే వచ్చే లెక్కలు. ధబాలున కూర్చుంటే దాదాపు రెట్టింపు అనుకోండి.

ఇంకో తేడా గమనించండి. పాత ఇళ్లలో ఉయ్యాల బల్లకు దూలం నుంచి ఇనుప గొలుసులు వేలాడేవి. అక్కడ బరువంతా నిట్టనిలువుగా కిందికే. ఇక్కడ తాడు గోడను లోపలికి లాగుతుంది. 60 కిలోల మనిషికి 30 డిగ్రీల దగ్గర కూడా ఆ అడ్డపు లాగుడు 52 కిలోలు, కిందికి 30 కిలోలే. గోడకు బరువు మోయడం తెలుసు, పక్కకు లాగితే ఓర్చుకోవడం తెలియదు.

మేడ మీద గది అన్నారు. అసలు సమస్య అదే. చాలా చోట్ల ఇల్లు కట్టిన కొన్నేళ్లకు మేడ మీద నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు లేపేసి గది అనిపిస్తారు. మీరు ఇవి చూసి చెప్పండి: గోడ మందం ఎంత (తలుపు దగ్గర కొలవండి), పైకప్పు స్లాబా రేకులా, కింది అంతస్తుల పిల్లర్లు మీ గదిలోకి వచ్చాయా, వస్తే ఎక్కడ. పిల్లరో కాదో తేలకపోతే సన్నటి డ్రిల్లుతో చిన్న రంధ్రం వేసి పొడి చూడండి. ఎర్ర పొడి వస్తే ఇటుక. బూడిదరంగు పొడి వస్తూ డ్రిల్లు మొరాయిస్తే కాంక్రీటు. తెల్లటి పొడి వెన్నలా వచ్చేస్తే అది తేలిక దిమ్మెల గోడ, దాని జోలికి వెళ్లకండి.

అచ్చుతప్పు:

తూకం గుండు గారూ, మడత కుర్చీ గారూ, నమస్కారం. ఇద్దరి లేఖలూ అచ్చు తీసుకుని దిద్దుబాటు లేకుండా భద్రపరిచాను. నా వృత్తిలో ఇది పెద్ద మర్యాద.

నిన్న కొలతలు తీశాను. పైకప్పు స్లాబు, ఎత్తు తొమ్మిదిన్నర అడుగులు. మంచం పొడవాటి దక్షిణపు గోడకు ఆనించి ఉంది. పడక దానికి సమాంతరంగా, తూర్పు గోడకూ పడమటి గోడకూ మధ్య కట్టాలి. పడమటి గోడ తొమ్మిది అంగుళాల మందం, దాని నడిమిలో గదిలోకి రెండు అంగుళాలు పొడుచుకొచ్చిన దిమ్మె ఉంది. ఇన్నాళ్లూ దాని మీద క్యాలెండరు వేలాడుతోంది. కింది ఇంటివాళ్ల హాల్లోనూ అదే చోట అదే దిమ్మె ఉంది, అంటే పిల్లరే. పొడి బూడిదరంగులో వచ్చింది. తూర్పు గోడ వెనక స్నానాలగది. మందం నాలుగున్నర అంగుళాలే. ఎర్ర పొడి.

ఇంటివాళ్ల అనుమతి కూడా అడిగాను. “గదిలో ఉయ్యాలకు కొక్కెం వేయించుకోవచ్చా?” అన్నాను. ఇంటావిడ ముఖం వెలిగిపోయింది. “ఎన్నో నెల?” అన్నారు. నాకు పెళ్లి కాలేదన్న సంగతి ఆవిడకు తెలుసు. అయినా ఆ వెలుగులో అది పెద్ద అభ్యంతరంగా కనిపించినట్టు లేదు. పడుకునేది నేనే అని చెప్పాక ఆవిడ నన్ను చూసిన చూపు వర్ణించలేను. అనుమతి మాత్రం ఇచ్చారు.

తూకం గుండు:

పడమటి పిల్లరు బంగారం. 10 మిల్లీమీటర్ల యాంకర్ బోల్టు, కన్ను ఉన్న రకం తీసుకోండి. ప్లాస్టరింగు మందాన్ని లెక్కలో వేయకుండా కాంక్రీటులోకే కనీసం 65 మిల్లీమీటర్లు దిగాలి. మధ్యలో డ్రిల్లు ఇనుప కడ్డీకి తగిలితే బలవంతం చేయకండి, రెండు అంగుళాలు పక్కకు జరిగి వేరే రంధ్రం వేయించండి. కడ్డీని కోస్తే ఇంటాయన మిమ్మల్ని క్షమించవచ్చు, నేను క్షమించను.

తూర్పు గోడకు ఏమీ కొట్టకండి. దాన్ని ఆనుకుని నేల నుంచి స్లాబు దాకా ఒక స్తంభం నిలబెడదాం. రెండంగుళాల చదరపు ఇనుప పైపు, రేకు మందం 3 మిల్లీమీటర్లు. పైనా కిందా ఆరంగుళాల పలకలు వెల్డింగు చేయించి, ఒక్కో పలకను నాలుగు బోల్టులతో బిగించాలి. కొక్కెం ఈ పైపుకే. గోడ మీద చీమంత బరువు కూడా పడదు. మీరు ఖాళీ చేసేటప్పుడు విప్పి పట్టుకుపోవచ్చు. ఒక్క జాగ్రత్త, స్లాబుకు రంధ్రం వేసే ముందు కరెంటు పైపు ఎటు పోతోందో ఫ్యాను దగ్గర నుంచి చూసుకోండి.

కొక్కెం ఎత్తు: పిల్లరుకూ పైపుకూ మధ్య పదిన్నర అడుగులు వస్తుంది. మీరు కూర్చున్నప్పుడు గుడ్డ నేలకు అడుగున్నర ఎత్తులో ఉండాలంటే కొక్కేలు దాదాపు నాలుగున్నర అడుగుల దగ్గర రావాలి. పాదాల వైపు ఐదు అడుగులు చేయండి. అడుగున్నర అంటే కుర్చీ ఎత్తు. మీ మోకాళ్లకు కుర్చీలోంచి లేచినంత శ్రమే. ఎస్ ఆకారపు కొక్కేలు వాడకండి, ఊపుకు జారతాయి. స్ప్రింగు మూత ఉన్నవి తీసుకోండి.

అంతా అయ్యాక 25 కిలోల బియ్యం బస్తాలు మూడు అందులో వేసి ఒక రాత్రి వదిలేయండి. తెల్లారి బోల్టు చుట్టూ వెంట్రుకంత పగులు కూడా లేకపోతే మీరు ఎక్కండి.

చిట్టి తల్లి:

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మాకు ఐదు నెలల బాబు ఉన్నాడు. మాదీ చిన్న గదే. ఇలాంటి పడకలో బాబును పక్కన వేసుకుని పడుకోవచ్చా?

మడత కుర్చీ:

వద్దమ్మా. ఇందులో గుడ్డ మనిషి చుట్టూ ముడుచుకుంటుంది. పసివాడు జారి మీ ఒంటికీ గుడ్డకూ మధ్య చేరితే ముక్కు మూసుకుపోతుంది, మీకు తెలియదు కూడా. ఆ వయసు పిల్లలకు గట్టిగా, చదునుగా ఉన్న విడి పడకే మంచిది. మీరు ఉయ్యాలలో, బాబు పక్కన నేల మీద పరుపులో పడుకోండి. అలా పడుకుంటే మాత్రం మీరు కాలు కింద పెట్టే వైపు బాబు ఉండకూడదు.

లంగరు:

భీమునిపట్నం నుంచి. సరుకు ఓడల్లో 22 ఏళ్లు చేసి ఇప్పుడు ఇంట్లో ఉంటున్నాను. మీరంతా దీన్ని కొత్త వింతలా మాట్లాడుకుంటున్నారు. బ్రెజిల్ ఈశాన్య తీరంలో, ఫోర్టలేజా వైపు, ఇల్లు కట్టేటప్పుడే గోడల్లో దీనికి కొక్కేలు పెట్టేస్తారు. మనం ఫ్యాను కొక్కెం పెట్టినంత మామూలుగా. వాళ్లు దీన్ని ‘హేజి’ అంటారు, ఆ మాటకు వల అని అర్థం. హేమాక్ అనే మాట కూడా దొరలది కాదు. కరిబియన్ దీవుల్లో ఉండే టైనో జనం మాట అది. 1492లో కొలంబస్ మనుషులు అక్కడివాళ్లు నూలు వలల్లో పడుకోవడం చూశారు. తరవాత ఓడలవాళ్లు పట్టుకున్నారు. పాత ఇంగ్లీషు యుద్ధనౌకల్లో ఒక్కో నావికుడి పడకకు లెక్కగా ఇచ్చిన వెడల్పు 14 అంగుళాలు. సగం మంది పహరాలో ఉంటారు కనుక పక్కవాడి జాగా కలిసొచ్చేది. అచ్చుతప్పు గారి గది వాళ్లకు రాజమహలు.

నేను ఒకసారి బ్రెజిల్‌లోనే బెలేం రేవులో ఓడ మరమ్మతుకు ఆగినప్పుడు అమెజాన్ నది మీద మనౌస్ దాకా పడవలో వెళ్లాను. నాలుగైదు రోజుల ప్రయాణం. టికెట్టు అంటే పడవ పైఅంతస్తులో కమ్మీకి పడక కట్టుకునే హక్కు, అంతే. పడక మనమే తెచ్చుకోవాలి. రేవులోనే అమ్ముతారు. నేను కట్టుకుని సంతోషంగా పడుకున్నాను. గంట తరవాత కళ్లు తెరిస్తే నా కుడిపక్కన ఒకటి, ఎడమపక్కన ఒకటి, పైన ఒకటి, పక్కవాడి పాదాలు నా చెవి దగ్గర! ఒక పెద్దావిడ వచ్చి నా పడకను విప్పి, ఒక మూర వదిలి, మళ్లీ కట్టి, నన్ను భుజం పట్టుకుని ఐమూలగా తిప్పి పడుకోబెట్టింది. మాట ఒక్కటి అర్థం కాలేదు. నిద్ర మాత్రం పట్టింది.

అక్కడ నేను చూసినదాంట్లో మీకు పనికొచ్చేది ఒకటి ఉంది. వాళ్లు పక్కకు తిరిగి కూడా పడుకుంటారు. పూర్తిగా ఐమూలగా తిరిగాక మోకాళ్లు మడిచి ప్రక్కకు ఒత్తిగిలితే గుడ్డే వీపుకు ఆసరా ఇస్తుంది. బోర్లా పడుకునే అలవాటున్నవాళ్లు మాత్రం దీన్ని మరిచిపోవాలి.

కొక్కెం కిర్రుమంటే నూనె వేస్తే రెండు రోజులు ఆగి మళ్లీ మొదలవుతుంది. ఇనుముకు ఇనుము తగలకుండా చూడండి. మధ్యలో రెండు చుట్లు తాడు వస్తే చప్పుడుండదు. ఓడలో పక్కవాడు గొంతు పట్టుకుంటాడు కనుక ఈ సంగతి త్వరగా నేర్చుకుంటాం.

నులక మంచం:

ఇంత ఇనుము, ఇన్ని బోల్టులు, మూడు బస్తాల బియ్యం. ఒక నులక మంచం కొనుక్కుని పొద్దున్నే మేడ మీద ఎండలో వేస్తే సరిపోయేది కదా?

అచ్చుతప్పు:

నులక మంచం గారూ, మేడ మీదికి మెట్లు ఇనుపవి, చుట్లు తిరిగినవి. నా బీరువానే ముక్కలు చేసి ఎక్కించారు. పైగా ఆ మేడ మీద ఇంటివాళ్ల వడియాలు ఎండుతుంటాయి.

ఇప్పుడు అసలు సంగతి. మూడు వారాలైంది. వెల్డింగు ఆయన “దీనికి ఆవును కడతారా అమ్మా?” అని అడిగి మరీ స్తంభం చేసిచ్చాడు. బియ్యం బస్తాలు కింది కిరాణా కొట్టు నుంచి ఒక రాత్రికి అరువు తెచ్చాను. కొట్టు అబ్బాయి వాటిని రెండు అంతస్తులు, ఆ పైన ఇనుప మెట్లు మోసుకొచ్చి ఉయ్యాలలో పడుకోబెట్టి, కాసేపు ఊపి వెళ్లాడు. పగుళ్లు లేవు.

గుడ్డ నేనే కొన్నాను, 3.6 మీటర్లు, లేత గోధుమ రంగు నూలు గుడ్డ. దర్జీ నేఫా చూసి లంగాకా అన్నాడు. ఔనన్నాను, ప్రతి ఒక్కరికీ వివరించే ఓపిక పోయింది.

మొదటి రెండు రాత్రులు ఐమూలగా పడుకున్నా పొద్దుటికి మళ్లీ నిలువునా తేలాను. నిద్రలో ఒళ్లు పాత అలవాటుకు పోతోంది. మూడో రాత్రి పాదాల వైపు కొక్కేన్ని తూకం గుండు గారు చెప్పిన ఐదు అడుగులకు ఎక్కించాను (మొదట బద్ధకించి రెండు వైపులా ఒకే ఎత్తులో వేయించాను, దిద్దుబాటు నాకు అలవాటే). అప్పుడు నిలిచింది. పిక్కల కింద గుడ్డ మడత ఒకటి గట్టిగా నొక్కుతోంది. పడుకునే ముందు ఆ అంచును చేత్తో పక్కకు లాగితే పోతుంది. ఇంకా పూర్తిగా అలవాటు కాలేదు. నాలుగో రాత్రి మాత్రం ఆరు గంటలు మెలకువ రాలేదు, నడుము నొప్పి లేదు. మెడ రెండు రోజులు పట్టేసింది. దిండు తీసేసి మడిచిన తువ్వాలు పెట్టాక తగ్గింది.

వీపు కింద యోగా చాప జారుతోంది. దాన్ని దుప్పటి గలీబులో పెట్టి కుట్టేశాను. చలి సగం పోయింది, మిగతా సగానికి అమ్మ తన పాత నూలు చీరలు నాలుగు పొరలుగా కుట్టిన బొంత ఇచ్చింది.

అనుకోని ఇబ్బంది ఒకటే. అమ్మ రాత్రి లేచి స్నానాలగదికి వెళ్లాలంటే తూర్పువైపు స్తంభం దగ్గర తాడు కింద నుంచి వెళ్లాలి. ఆవిడ ఎత్తు 4 అడుగుల 10 అంగుళాలు, కాస్త తల వంచితే చాలు, కాని కన్ను సరిగా ఆనదు. తాడుకు తెల్లటి గుడ్డపీలికలు కట్టాను, స్తంభానికి చిన్న రాత్రి దీపం పెట్టాను. ఇప్పుడు ఆవిడ ఆ స్తంభాన్ని పట్టుకునే లేస్తోంది, పట్టుకునే నడుస్తోంది. దాన్ని విప్పి తీసుకుపోయే ఆలోచన ఇక లేదు.

మొదట్లో “ముసలిదాన్ని నేను మంచం మీద, నువ్వు ఉయ్యాలలోనా” అని నవ్విన మనిషి, పదిరోజుల నుంచి మధ్యాహ్నం నేను ప్రూఫులు చూసుకుంటుంటే ఉయ్యాల కట్టించుకుని అందులో కూర్చుని గోంగూర ఒలుస్తోంది. నిన్న పడుకుంది కూడా. సాయంత్రం ఐదింటికి లేచి, ఇది చాలా పొడుగ్గా ఉంది, నాకు తగినది ఒకటి కుట్టించు, తెనాలి పట్టుకుపోతాను అంది.

మడత కుర్చీ గారూ, 4 అడుగుల 10 అంగుళాల మనిషికి గుడ్డ ఎన్ని మీటర్లు కావాలి? తెనాలి ఇంట్లో వసారాకు టేకు స్తంభాలు ఉన్నాయి, తూకం గుండు గారు కంగారు పడనవసరం లేదు.

మడత కుర్చీ:

కుట్టాక 3 మీటర్లు ఉంటే చాలు, అంటే గుడ్డ 3.25 తీసుకోండి. పన్నా మాత్రం అదే.

తూకం గుండు:

టేకు అయితే చెదలు చూడండి. స్తంభం అడుగున సూదితో గుచ్చి చూడండి. దిగకపోతే కట్టండి.